చేప కార్జంలో సగం

తెలుగులో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఊరి వాగు రంగులు మారుతుంటే చిన్నప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మా ఊరు హైదరాబాద్ అంచున, మందుల ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. బడికి పోయే దారిలో ఒక కల్వర్టు. దాని మీద నిలబడి కిందికి చూసేదాన్ని. నీళ్ళు ఒకరోజు పలచటి టీ రంగులో ఉండేవి, ఇంకోరోజు గులాబీ రంగులో, వానలు మొదలైనప్పుడు ఒకసారి అచ్చం నెమలి మెడలా. పొద్దున లేస్తూనే ఈరోజు ఏ రంగో మనసులో అనుకుని, అక్కడికెళ్ళి చూసి, సరిపోతే ఆ రోజంతా సంతోషంగా ఉండేదాన్ని. పెద్దవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా దాటేవాళ్ళు. నేను ఆగేదాన్ని. అది నాకు అందంగా కనిపించిందని డైరీలో కూడా రాసుకోలేదు. మొదటిసారి పైకి అన్నది ఆర్కిటిక్ సముద్రం వైపు పోయే ఒక నది ఒడ్డున, వేపుడు వాసన నిండిన వంటింట్లో, ఇంగ్లీషులో. ఆ ప్రయాణం గురించే ఇది.

మాటలు తక్కువైనా ఫర్వాలేని పని

నేను కెనడా వచ్చిన ఏడాది మాలాంటి స్టూడెంట్లు ఎంతమంది దిగారంటే, కాలేజీలో గదులు చాలక కొన్ని క్లాసులు సినిమా హాల్లో పెట్టారు. నీటి పరీక్షల పాఠాలు నేను పాప్‌కార్న్ వాసన మధ్య, వెనక్కి వాలే కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. టొరంటో పడమటి వైపు ఎటోబికోలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. సాయంత్రాలు ఎయిర్‌పోర్ట్ వెనక గోడౌన్‌లో ప్యాకింగ్ షిఫ్ట్. తల మీంచి విమానాలు పోతుంటే అవి ఎక్కడికి పోతున్నాయో ఊహించుకోవడం నా కాలక్షేపం.

కోర్సులో భాగంగా ఒక టర్మ్ ఉద్యోగం చేయాలి. ఒక్క పోస్టుకి వందలమంది అప్లై చేస్తున్న రోజులు. నాకు దొరికింది మాత్రం ఎవరూ అడగని పని. ఉత్తరాన మెకెంజీ నది ఒడ్డున చేపలు పట్టి, కోసి, లోపలి భాగాలు ల్యాబ్‌కి పంపాలి. ఇంటర్వ్యూ చేసినావిడ పేరు నోరా. నీళ్ళ శాస్త్రవేత్త. నేను అవును, కాదు తప్ప ఇంకేం చెప్పలేకపోయాను. చివరికి ఆవిడే నవ్వి, "అక్కడ మాటలు తక్కువైనా ఫర్వాలేదు. చేప కోయడం వచ్చా?" అంది.

"వచ్చు" అన్నాను. అది నిజం. ఆదివారాలు అమ్మ కొరమీను తెస్తే బూడిదలో రుద్ది కోసేది నేనే.

మా రూంలో ప్రసన్న అని గుంటూరు పిల్ల ఉంది. ఆ వార్త వినగానే మంచం మీద లేచి కూర్చుంది.

"ఒసేయ్ శైలూ, పిజ్జావాడికి ఫోన్ చేసి అడ్రస్ చెప్పలేవు. అంతదూరం పోయి ఎవరితో మాట్లాడతావే?"

"చేపలతో."

"అవి చచ్చిపోయి ఉంటాయిగా!"

"అందుకే."

ఫోన్ అంటే నాకు నిజంగానే భయం. మోగితే ఆగేదాకా దాని వంక చూస్తూ కూర్చుంటాను. ఆ తర్వాత మెసేజ్ పెడతాను. పైన ఉండే ఇంటి ఓనర్ పద్మ ఆంటీ మాత్రం ఏమీ అడక్కుండా ఒక సీసాలో వెల్లుల్లి కారప్పొడి పోసి ఇచ్చారు. "ఏది పెట్టినా దీనితో లోపలికి పోతుంది తల్లీ" అన్నారు.

పైకి పారే నది

మొదటి పెద్ద విమానం తర్వాత ఒక చిన్నది, దాని తర్వాత ఇంకా చిన్నది. చివరి విమానంలో మా వెనక సీట్లలో మనుషులకి బదులు గుడ్లు, డైపర్ల డబ్బాలు, ఒక మంచు బండి ఇంజన్ ఉన్నాయి.

కిటికీలోంచి చూస్తే కింద నేలకంటే నీళ్ళే ఎక్కువ. చెరువు పక్కన చెరువు, ఒక్కోటి ఒక్కో ఆకారంలో, ఎవరో పెద్ద అద్దం కిందపడేసి ఏరుకోవడం మర్చిపోయినట్టు. మేఘాలు వాటిలోనూ ఉన్నాయి, మా చుట్టూ ఉన్నాయి. కాసేపటికి మేం ఏ వైపు ఎగురుతున్నామో నాకు తెలియలేదు. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలో నది కనిపించింది. చాలా వెడల్పు. తొందరేమీ లేదు దానికి.

"ఈ దేశంలో అయిదో వంతు నేల మీద కురిసిన వానంతా చివరికి ఇందులోకే వస్తుంది" అంది నోరా, మ్యాప్ నా ఒళ్ళో పరుస్తూ. నది ఉత్తరానికి పోతోంది. గోడమీద వేలాడేసిన మ్యాప్‌లో చూస్తే కింది నుంచి పైకి పారుతున్నట్టు ఉంటుంది. తూర్పుకి పారే నదులు చూసి పెరిగినదాన్ని నేను. నాకది కలలో నీళ్ళలా అనిపించింది.

నోరా వేలు ఒక సన్నటి ఉపనది మీద ఆగింది. అక్కడ పైన ఎప్పుడో మూసేసిన గని ఉంది. తవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు, తవ్వి పోసిన గుట్టలు ఉండిపోయాయి. మంచు కరిగినప్పుడల్లా వాటి మీంచి నీళ్ళు కిందికి జారతాయి. కిందున్న ఊళ్ళు ఆ నది చేపలే తింటాయి. చేపల్లో ఏం చేరిందో, ఎంత చేరిందో తెలుసుకోవడం మా పని. ఎక్కువ చేరేది కార్జంలో.

ఎవరి పిల్లవి?

ఆ ఊరి పేరు రాయను. రాయొద్దని అక్కడివాళ్ళే అడిగారు. ఒకసారి చేపల కథతో పేరు బయటికి పోతే ఆ ఊరంటే విషం అనే గుర్తుండిపోతుందని వాళ్ళ భయం. మా ఊరి పేరు చెప్పినప్పుడు "ఓ, ఆ కంపెనీల వాసన ఊరా" అనడం నేను చాలాసార్లు విన్నాను కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

ఒకటే మట్టిరోడ్డు. రెండువైపులా రంగురంగుల చెక్క ఇళ్ళు, నేలకి అంటకుండా దిమ్మల మీద నిలబెట్టినవి. సెప్టెంబర్ మధ్యకే బర్చ్ చెట్లు పసుపు గుడ్డలు ఆరేసుకున్నట్టున్నాయి. నది ఊరి అంచునే ఉంది, కానీ ఇళ్ళకి తాగే నీళ్ళు ట్యాంకర్‌లో వస్తాయి. ఆ లారీ మలుపు తిరుగుతుంటే నాకు తెలీకుండానే బిందె కోసం చూశాను. మా వీధిలోనూ అంతే. బావులున్నాయి, నీళ్ళు మాత్రం ట్యాంకర్లో.

ఊళ్ళో ఒకే కొట్టు. సగం పుచ్చకాయకి అట్టమీద రాసిన ధర చూసి, గోడౌన్‌లో నా రెండు గంటల పని అని లెక్కేసుకుని, దాన్ని ఉన్నచోటే ఉంచేశాను. పక్కనే నిలబడ్డ ముసలాయన, "మేం కూడా చూసే తృప్తిపడతాం" అన్నాడు.

ఎదురైన ప్రతివాళ్ళూ నన్ను అడిగింది ఒకటే. "ఎవరి పిల్లవి?" టొరంటోలో ఏ దేశం, ఏ కోర్సు, ఏ వీసా అని అడుగుతారు. ఇక్కడ మా ఊళ్ళోలాగే అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలీక మొదటిరోజు నవ్వి ఊరుకున్నాను. రెండోరోజు నుంచి "మార్తా ఇంట్లో ఉంటున్నాను" అన్నాను. అది చాలింది వాళ్ళకి.

మార్తా అక్కడి ఆదివాసులైన డెనే జాతి పెద్దావిడ. నోరా నర్సుల క్వార్టర్స్‌లో దిగింది. నన్ను మార్తా ఇంట్లో పెట్టారు. గుమ్మంలోనే చెప్పులు విప్పుతున్న నన్ను చూసి, "ఎవరో బాగానే పెంచారు" అందామె. వాళ్ళూ ఇంట్లోకి చెప్పులతో రారు. ఆమె నన్ను 'మై గర్ల్' అని పిలిచేది. ఆ పిలుపుకి మా నాయనమ్మ 'బిడ్డా' కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు, అందుకే ఇక్కడ బిడ్డా అనే రాస్తున్నాను.

చెప్పకుండా పెట్టి వెళ్ళడం

మార్తా ఇంటి వరండాలో పెద్ద తెల్ల ఫ్రీజర్ ఉంది, పెట్టెలాంటిది. దానికి తాళం లేదు. రెండోరోజు పొద్దున్న నేను కిటికీ దగ్గర డైరీ రాసుకుంటుంటే ఒకతను వచ్చి, తలుపు కొట్టకుండా, మూత ఎత్తి, ఏదో పొట్లం లోపల పెట్టి, మూత వేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంకొకావిడ. వంటింట్లో ఉన్న మార్తా తల కూడా తిప్పలేదు.

డెనీస్‌ని అడిగాను. డెనీస్ మార్తా మనవరాలు. ఊరి తరఫున నీళ్ళనీ చేపల్నీ గమనించే ఉద్యోగం ఆమెది, మాకు పడవ నడిపేదీ ఆమే. కడుపుతో ఉంది. మంచు గట్టిపడేనాటికి కాన్పు అంది.

"దుప్పిని కొట్టినా చేప పట్టినా మొదటి వాటా పెద్దవాళ్ళ ఫ్రీజర్లోకి వెళ్తుంది" అంది. "చెప్పకూడదు. చెబితే థాంక్స్ చెప్పాల్సి వస్తుంది. పెద్దవాళ్ళ చేత థాంక్స్ చెప్పించుకుంటామా?"

ఆ రాత్రి డైరీలో ఒక పేజీ నిండా దీని గురించే రాశాను. ఇవ్వడానికి నోరు తెరవనక్కర్లేని చోటు! నేను ఇక్కడ పుట్టాల్సినదాన్నేమో అనుకున్నాను.

చేపల మకాం

మర్నాడు డెనీస్ పడవలో నది మీదికి వెళ్ళాం. నీటిమీద పొగమంచు, ఒడ్డు లేదు, ఆకాశం లేదు. ఇంజన్ చప్పుడు ఒక్కటే మేం కదులుతున్నామని చెప్పింది. నది మధ్యలో డెనీస్ వేగం తగ్గించి, చిటికెడు పొగాకు నీళ్ళలో వేసింది. నీకూ ఏమైనా ఇవ్వాలనుంటే ఇవ్వు అన్నట్టు నా వంక చూసింది. గోదావరి బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి మా అమ్మ నాణెం వేయడం గుర్తొచ్చింది. జేబులో నాణెం లేదు. ఆంటీ ఇచ్చిన కారప్పొడి ఉంది. చిటికెడు వేశాను.

"అదేంటి?"

"మా వైపు కారం."

"చేపలకి దాహమేస్తుంది" అంది డెనీస్. నోరా పకపకా నవ్వింది.

మకాం అంటే ఒక గుడారం, చేపలు ఆరబెట్టే కర్రల పందిరి, పొయ్యి. అక్కడే లోష్ చేపని మొదటిసారి చూశాను. కొరమీనంత నున్నగా, పాములా మెలికలు తిరుగుతూ, గడ్డం కింద ఒకే ఒక్క మీసంతో, బడిలో ఎవరికీ భయపడని మాస్టారిలా ఉంది. దాని కార్జం పెద్దది, వెన్న రంగు. చలికాలం వస్తుందంటే బాగా కొవ్వు పడుతుంది. ఇక్కడివాళ్ళకి అదే పండగ వంట. చేపని కోయగానే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తారు. నున్నగా, లేతగా ఉంటే తింటారు. నల్లబడినా, మచ్చలున్నా పారేస్తారు.

"నా చిన్నప్పుడు పారేయడం చూడలేదు" అంది డెనీస్. "ఈమధ్య చూస్తున్నాం."

నేను కోసి, కార్జం తీసి, రేకు కాగితంలో చుట్టి, నల్ల మార్కర్‌తో అంకె వేస్తున్నాను. నోరా కొంచెం దూరంలో నీళ్ళు సీసాల్లో పడుతోంది. డెనీస్ నా పక్కన కూర్చుని చాలాసేపు ఆ పొట్లాల వంక చూసింది.

"పోయినసారి కూడా ఇలాగే తీసుకెళ్ళారు. ఇంకా చూడాలి అని ఉత్తరం వచ్చింది. నాకు కాగితం మీద జవాబు వద్దు. నా ప్లేట్లో ఉన్నది తినొచ్చా లేదా, అది చెప్పాలి."

"నువ్వు తింటున్నావా?"

"కడుపొచ్చినప్పటి నుంచి తినలేదు. అమ్మమ్మకి తెలీదు. భోజనానికి పిలిస్తే ఏదో వంక చెబుతున్నాను. ఆమె కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మమ్మ పెట్టింది. అమ్మమ్మ మా అమ్మకి పెట్టింది. నేను వద్దంటే..." నది వైపు చెయ్యి ఊపి ఆపేసింది.

నేను మార్కర్ మూత పెట్టాను. చేతిలో చల్లటి పొట్లం ఉంది, దానిమీద అంకె ఉంది.

వేపుడు

పొట్లాలన్నీ ఊరి హాల్లో ఉన్న ఫ్రీజర్‌లో పెట్టాం. మర్నాడు నోరా పక్క ఊరికి మీటింగుకి వెళ్ళింది, సాయంత్రం వస్తానంది. మధ్యాహ్నం ఒకసారి చూద్దామని హాలుకి వెళ్తే ఫ్రీజర్ చప్పుడు లేదు. కింద చిన్న మడుగు. పొట్లాల అంచులు మెత్తబడుతున్నాయి.

చేయాల్సింది తేలికే. నోరాకి ఫోన్ చేయాలి, లేదా ఊళ్ళో ఎవరినైనా కేకేయాలి. నేను రెండూ చేయలేదు. డబ్బా ఎత్తుకుని మార్తా ఇంటికి వచ్చాను. ఆమె రేడియో పెట్టుకుని కుర్చీలో నిద్రపోతోంది. లేపడానికి మొహమాటం. వరండాలో ఫ్రీజర్ మూత చప్పుడు కాకుండా ఎత్తి, పొట్లాల్ని మాంసం పైన వరసగా పేర్చి, మూత వేసి, లేచాక చెబుదాంలే అని నది ఒడ్డుకి నడిచాను. ఆకులు రాలుతున్నాయి. రాలిన ఆకుల్ని నది ఒక్కొక్కటిగా తీసుకుపోతోంది. అలా చూస్తూ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే కమ్మటి వాసన. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే కూడా నాకు తట్టలేదు. వంటింటి చెత్తబుట్టలో నలిపిన రేకు కాగితాలన్నీ, వాటి మీద నా చేతిరాతలో అంకెలు కనిపించాకే తట్టింది.

"వచ్చావా బిడ్డా, కూర్చో" అంది మార్తా, పెనం మీద గరిటె తిప్పుతూ. మొహం వెలిగిపోతోంది. డెనీస్ అప్పటికే బల్ల దగ్గరుంది. "చూడవే డెనీస్, ఈ పిల్ల ఏం చేసిందో. నన్ను లేపలేదు, ఒక్క మాట అనలేదు. పెట్టేసి పోయింది. మన పిల్లలు ఈకాలంలో తలుపు కొట్టి, ఇదిగో అమ్మమ్మా తెచ్చామని ఫోటో దిగి మరీ పోతున్నారు. ఎక్కడి పిల్ల, ఎంత పద్ధతి! అంకెలు కూడా వేసింది, ఏది ముందు వండాలో నాకు తెలియాలని."

డెనీస్ చెత్తబుట్ట వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమె పెదాల చివర నవ్వు మొదలై, మార్తా ప్లేటు తెచ్చి ముందు పెట్టగానే ఆగిపోయింది. అన్నిటికంటే పెద్ద ముక్క. అంచులు ఎర్రగా వేగి, మధ్యలో వెన్నలా మెరుస్తోంది. పక్కన వేడి బ్యానక్ రొట్టె.

"ఈసారి ఏ వంకా చెప్పకు" అంది మార్తా. "నీ కోసం కాదు, లోపలున్నదాని కోసం తిను."

డెనీస్ రొట్టె తుంచింది. చెయ్యి కార్జం మీదికి వెళ్ళింది.

"తినకు!"

అది నా గొంతే. తెలుగులోనే వచ్చేసింది. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. తెలుగు రాకపోయినా ఇద్దరికీ అర్థమైంది.

మార్తా గరిటె పక్కన పెట్టింది. "విషమా?"

"తెలీదు."

"తెలీనప్పుడు ఎందుకు వద్దంటావు?"

జవాబు కోసం వెతుక్కుంటే నాకు దొరికింది మా వాగు ఒక్కటే. చెప్పాను. ఇంగ్లీషు తడబడుతూ, బల్లమీది గీతల వంక చూస్తూ చెప్పాను. కల్వర్టు, గులాబీ రంగు, నెమలి మెడ. అది అందంగా ఉందని నేను రోజూ ఆగి చూడటం. ఆ నీళ్ళు బావుల్లోకి దిగుతున్నాయేమో అని ఊళ్ళో అందరికీ అనుమానం ఉండటం, తెలీదు కదా అని అందరూ చాలా ఏళ్ళు తోడుకోవడం. మా అమ్మ కూడా, నేను కడుపులో ఉన్నప్పుడు కూడా. తెలిశాక ట్యాంకర్ వచ్చింది. "మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇక్కడ ఏముందో నాకు తెలీదు. తెలుసుకోవడానికే అవి కోశాను. అవి... మీరు వండినవి అవే" అన్నాను.

రేడియోలో ఎవరో ఫిడేలు వాయిస్తున్నారు. పెనం చిటపటలు నెమ్మదించాయి.

"ఇందుకే నువ్వు తినట్లేదన్నమాట" అంది మార్తా, మనవరాలితో. డెనీస్ తల దించుకుంది. కళ్ళు తుడుచుకుంది.

మార్తా డెనీస్ ప్లేటు తన వైపు లాక్కుంది. ఆ ముక్కని రొట్టెలో పెట్టుకుని నెమ్మదిగా, పూర్తిగా తింది. "నేను ముసలిదాన్ని. ఏం చేస్తుంది నన్ను" అంది. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి, "మీ నోరా తిడుతుందా?" అంది.

"తిడుతుంది."

"ఎల్లుండేగా మీ విమానం? రేపు పోదాం."

మళ్ళీ నది మీదికి

నోరా తిట్టలేదు. రేకు కాగితాలు చూసి కుర్చీలో కూలబడి, "ఎలకలు తిన్నాయి, కుక్కలు తిన్నాయి, ఒకసారి ఎలుగుబంటి కూడా తింది. వండుకుని తినడం మాత్రం ఇదే మొదటిసారి" అంది. కాసేపాగి, "బాగున్నాయా?" అని మార్తాని అడిగింది.

"ఉప్పు సరిపోయింది" అంది మార్తా.

పొద్దున్నే నలుగురం బయల్దేరాం. మార్తా మోకాళ్ళ నొప్పులతో మకాంకి రాక చాలా కాలమైందట. దుప్పటి చుట్టుకుని పడవ ముందుభాగంలో రాణిలా కూర్చుంది. ఆరోజు మంచు లేదు. నీళ్ళు కదలట్లేదేమో అన్నంత నిలకడగా ఉన్నాయి, ఒడ్డున పసుపు చెట్లు పైకొకటి కిందికొకటి. వాటి మధ్యలోంచి మేం పోతున్నాం. మార్తా పొగాకు తీసి నీళ్ళలో వేస్తూ వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమందని డెనీస్‌ని అడిగితే, "మళ్ళీ మేమే, ఏమనుకోకు అంది" అని చెప్పింది.

చాలాసేపు వలలో ఏమీ పడలేదు. నోరా మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తోంది. మార్తా టీ కాచి, ఎండు చేప కాల్చి ఇచ్చింది. దాని మీద నా కారప్పొడి చల్లుకుని, ఒక ముక్క నమిలి, మొహం ఎర్రబడేదాకా దగ్గి, "ఇంకొంచెం వెయ్యి" అంది.

పొద్దు వాలుతుండగా లోష్‌లు పడ్డాయి. కొన్ని చిన్నవి. వాటితో నోరా పని గడిచిపోతుంది. ఆఖర్న ఒక పెద్దది, ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. నేను కోశాను. మార్తా నా చేతిలోంచి కార్జం తీసుకుని వెలుతురుకి తిప్పింది. డెనీస్ కూడా ముందుకి వంగింది. లేత రంగు, నున్నగా, ఒక్క మచ్చ లేదు.

"కంటికి బాగుంది" అంది మార్తా. "నీ వాగు కూడా కంటికి బాగుందన్నావు." ఆమె దెప్పలేదు. తనలో తను ఆలోచిస్తున్నట్టు అంది. ఆ తర్వాత నోరా వైపు తిరిగి, "మొత్తం కావాలా మీకు?" అని అడిగింది.

"ముందు మొత్తం తూచనివ్వండి. తర్వాత సగం చాలు."

తూచారు. మార్తా తన కత్తితోనే రెండుగా కోసింది. ఒక సగం రేకు కాగితంలో నేను చుట్టాను. ఇంకో సగం ఆమె ఒక గిన్నెలో పెట్టుకుంది. "ఇది నాకు, ఒక్కదానికే" అంది. డెనీస్ ఆమె భుజానికి తల ఆనించింది. నది తన దారిన పైకి పారుతోంది.

మర్నాడు రన్‌వే దగ్గర మార్తా నా జేబులో ఎండు చేప కుక్కి, నా కోటు జిప్పు పైదాకా లాగింది. "నీ సగం ఏం చెప్పిందో నాకు ఫోన్ చెయ్యి. ఉత్తరం వద్దు, ఆ ఇంగ్లీషు ఎవరికర్థమవుతుంది. నువ్వే చెయ్యి. నా సగం ఏం చెప్పిందో నేను చెబుతా."

ఫోన్

ఎటోబికోలో మంచు మోకాలి లోతు పడ్డాక నోరా దగ్గర్నుంచి రిజల్ట్ వచ్చింది. ఊరి ఆఫీసుకి రిపోర్టు పంపాననీ, మార్తా మాత్రం ఆ పిల్ల చెబితేనే వింటానంటోందనీ రాసింది. బేస్‌మెంట్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని వాషింగ్ మెషిన్ పక్కన నిలబడ్డాను. ప్రసన్న మెట్ల మీద కూర్చుని, "నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా? నాకైతే చేపల గురించి ఏం తెలీదు, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తా" అంది. నేనే చేశాను.

అవతల పసిపాప ఏడుపు. డెనీస్‌కి ఆడపిల్ల పుట్టింది. మార్తా ఫోన్ తీసుకుంది. కెటిల్ ఈల వినిపిస్తోంది. ముందు ఆమె సగం ఏం చెప్పిందో అడిగాను.

"రుచిగా ఉందని చెప్పింది. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టిందని చెప్పింది. అంతకంటే దానికేం తెలీదు. నీది చెప్పు."

కాగితం చూడకుండా చెప్పాను. చేప కండ తినొచ్చు, అందరూ, పిల్లలు కూడా. కార్జం పెద్దవాళ్ళు అప్పుడప్పుడూ తినొచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళూ, పాలిచ్చేవాళ్ళూ, చిన్నపిల్లలూ మాత్రం ఇప్పటికి తినకూడదు. గని గుట్టల నుంచి వచ్చే లోహం దానిలో ఉండదగినదానికంటే ఎక్కువ చేరింది. పైనున్న గుట్టల్ని కప్పమని ఊరివాళ్ళు అడగడానికి ఈ రిపోర్టు పనికొస్తుంది. వచ్చే శరదృతువులో మళ్ళీ వచ్చి చూస్తారు.

ఎవరో కెటిల్‌ని పొయ్యి మీంచి దించారు. పాప ఏడుపు ఆపింది. లైన్ పోయిందేమో అనుకుని, "మార్తా గారూ?" అన్నాను, ఎందుకో తెలుగులోనే.

"ఉన్నా బిడ్డా" అంది. "అయితే ఈసారి మొదటి లోష్ నేనే పట్టించి, నీలాగే అంకె వేసి, ఫ్రీజర్లో పెడతా. మీరు వచ్చి సరేననేదాకా దాన్ని ఎవరికీ వండను. ఈ పాప పెరిగి అడిగినా సరే, వండను."